ఆదివారం ఓడ కూత

మా సంఘంలో నా సాక్ష్యం చాలామందికి నోటికి వచ్చు. యౌవనస్థుల కూడికలు పెట్టినప్పుడల్లా దేవుని నడిపింపు తెలుసుకోవడం గురించి మాట్లాడమని నన్నే లేపుతారు. నేను లేచి, కుర్రతనంలో ఒక ఆదివారం ఉదయం మోకాళ్ల మీద ఉండి దేవుణ్ణి గుర్తు అడిగానని, అప్పుడే రేవులో ఓడ కూసిందని, అలా నా దారి నాకు తెలిసిందని చెబుతాను. వెనక వరసల్లోంచి "స్తోత్రం" అని వినిపిస్తుంది. ఏళ్ల తరబడి ఇదే జరుగుతోంది.

మొన్న వేసవి కూడికలో అచ్యుతాపురం వైపు నుంచి వచ్చిన ఒక అమ్మాయి లేచి నిలబడింది. ఆమెకు నర్సింగులో సీటు వచ్చిందట. ఇంట్లోవాళ్లేమో ద్వారకా నగర్‌లో కోచింగులో చేరి బ్యాంకు పరీక్షలు రాయమంటున్నారట. "అంకుల్, మా ఊళ్లో ఓడలు కూయవు కదండీ, మరి నేను ఏ గుర్తు అడగాలి?" అంది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆ అమ్మాయి మాత్రం నవ్వలేదు. ఆమె నిజంగానే తెలుసుకుందామని అడిగింది. విశ్వాసంతో ప్రార్థించమని, దేవుడు ఏదో ఒకటి చూపిస్తాడని నేనేదో చెప్పాను. ఆమె తలూపి కూర్చుంది. ఆ జవాబు ఆమెకు పనికిరాలేదని ముఖం చూస్తేనే తెలిసింది.

ఓడ కూసిన మాట నిజం. కానీ నేను చెప్పే సాక్ష్యంలో మా అమ్మ లేదు. ఆమెను వదిలేసి చెప్పినంతకాలం అది సగం మాటే. మిగతా సగం ఇక్కడ రాస్తున్నాను.

నేను పుట్టకముందు మా అమ్మకు ఇద్దరు బిడ్డలు పుట్టి పోయారు. నేను కడుపులో ఉన్నప్పుడు ఆసుపత్రి మంచం మీద పడుకుని, ఈ బిడ్డ బతికితే నీ సేవకు ఇచ్చేస్తానని దేవుడికి మాటిచ్చింది. మా క్రైస్తవ కుటుంబాల్లో బిడ్డను ఇలా సమర్పించడం కొత్తేమీ కాదు. ఏడ్చి ఏడ్చి కన్న కొడుకును పాలు మాన్పించగానే దేవాలయానికి అప్పగించిన తల్లి కథ బైబిల్లో ఉంది. చదువు రాని మా అమ్మకు కూడా ఆ కథ కంఠతా వచ్చు. సమర్పించిన బిడ్డ మగపిల్లవాడైతే పెద్దయ్యాక బైబిలు పాఠశాలకు వెళ్లి పాస్టరవుతాడని అందరూ అనుకుంటారు. ఆ బిడ్డను అడగాలని ఎవరికీ తోచదు.

డెబ్బైల్లో నా చిన్నతనమంతా ఆ మాట కిందే గడిచింది. ఆదివారాలకు నాకు విడిగా తెల్ల చొక్కా ఉండేది. సండే స్కూల్లో ముగింపు ప్రార్థన నా చేతే చేయించేవారు. నాకు గొంతు ఉంది, మాటలు వరసగా వచ్చేవి, పెద్దవాళ్లు మెచ్చుకుంటే బాగుండేది. సంఘంలో నన్ను చిన్నయ్యగారు, అంటే చిన్న పాస్టరుగారు, అనేవారు. మా నాన్న కూడా అదే పేరుతో ఏడిపించేవాడు. ఒళ్లంతా బొగ్గు చేసుకుని ఇంటికొస్తే, "ఏటి చిన్నయ్యగారూ, ఈ అవతారంతోనే బాప్తీసాలిస్తారేటి?" అనేవాడు.

నాన్న పోర్టులో టగ్గు మీద లస్కరు, అంటే తాళ్లు చూసుకునే కళాసీ. పెద్ద ఓడలు తమంతట తాము మన రేవులో తిరగలేవు. సన్నటి కాలువలోంచి వాటిని తాళ్లతో లాక్కుంటూ, పక్కనుంచి నెట్టుకుంటూ సముద్రంలోకి దాటించే చిన్న బోటే టగ్గు. మా ఇల్లు పాత ఊళ్లో కొండవాలున ఉండేది. కిటికీలోంచి చూస్తే కాలువ, దాని అవతల డాల్ఫిన్స్ నోస్ కొండ కనిపించేవి. జెట్టీ దగ్గరే కాబట్టి మామూలు రోజుల్లో నాన్న మధ్యాహ్నం ఇంటికే వచ్చి తినేవాడు. పెద్ద ఓడను బయటికి తీయాల్సిన రోజున మాత్రం రావడానికి వీలయ్యేది కాదు. ఆ రోజు అమ్మ తెల్లారేసరికి వండి క్యారేజీ కట్టేది. ఓడ కదిలి కాలువలోకి వచ్చేటప్పుడు కూసేది. మా వీధిలో ఆ కూత వినని చెవి లేదు.

నాకు ఇనుమంటే ఇష్టం. ఒకసారి నాన్నతో వర్క్‌షాపుకు వెళ్లి, పగిలిన రేకును ఒకాయన వెల్డింగు చేస్తుంటే కళ్లప్పగించి చూశాను. రెండ్రోజులు కళ్లు మండి ఏడ్చాను. మూడో రోజు మళ్లీ వెళ్లాను. టెన్త్ అయ్యాక ఐటీఐలో వెల్డరు కోర్సులో చేరతానంటే అమ్మ కాదనలేదు. బైబిలు పాఠశాలకు వయసు వచ్చేదాకా ఏదో ఒక చేతిపని వస్తే మంచిదే కదా అంది.

ఎనభైల మొదట్లో గాజువాక అవతల ఉక్కు కర్మాగారం పనులు జోరుగా సాగుతున్నాయి. ఊళ్లో ఏ ఇంట్లో చూసినా దాని మాటే. నేను పరీక్ష రాశాను. ట్రైనీగా రమ్మని కబురొచ్చింది. అదే వానాకాలంలో మా పాస్టరుగారు, మేం అయ్యగారనే పిలిచేవాళ్లం, నా కోసం బైబిలు పాఠశాలలో సీటు మాట్లాడారు. ఆయన గోదావరి వైపు మనిషి, నెమ్మదస్తుడు. నన్ను పిలిచి, రెండింటినీ దేవుని ముందు పెట్టి ప్రార్థన చెయ్యమన్నారు. వచ్చే ఆదివారం ఆరాధనలో నిలబడి ఏం తేలిందో చెబితే, ఏ దారైనా సరే, సంఘమంతా నా కోసం ప్రార్థిస్తుందన్నారు.

ఆ వారమంతా అమ్మ పగలు ఉపవాసం ఉంది. నన్ను ఎటు మొగ్గుతున్నావని ఒక్కసారి కూడా అడగలేదు. సాయంత్రం దీపం పెట్టాక తల మీద కొంగు వేసుకుని, "ఆడి దారి ఆడికి సూపించు తండ్రీ" అని పైకే అనుకునేది. నేనూ ప్రార్థన చేశాను. కానీ నాది అడగడం కాదు. నాకేం కావాలో నాకు ముందే తెలుసు. ఆ మాట అమ్మతో అనడానికే భయం. నాకు పాస్టరు పని వద్దు అని చెప్పడమంటే, ఏ మాట వల్ల నేను బతికానని ఆమె నమ్మిందో ఆ మాట తప్పమని ఆమెతో చెప్పడమే.

శనివారం అన్నాల దగ్గర నాన్న, "రేపు పొద్దున్న ఇనప రాయి నింపిన పెద్ద ఓడ ఎల్లిపోతాది. నాను సర్చికి రాలేను. క్యారేజీ కట్టీయే" అన్నాడు. అమ్మ సరేనంది. నేను చేప ముల్లు తీస్తూ విన్నాను.

మర్నాడు పొద్దున్నే తెల్ల చొక్కా వేసుకుని కిటికీ పక్కన మోకరించాను. గొర్రె బొచ్చు నేల మీద పరచి మంచు దేని మీద పడాలో చెప్పి, దేవుణ్ణి గుర్తు అడిగినవాడి కథ మాకు సండే స్కూల్లో చెప్పారు. నాకు గొర్రె బొచ్చు లేదు, విశాఖపట్నంలో మంచూ లేదు. అందుకని, నేను ఫ్యాక్టరీకే వెళ్లడం నీ చిత్తమైతే, నేను మోకాళ్ల మీదనుంచి లేచేలోగా ఓడ కూయించు ప్రభువా అని అడిగాను.

లేవలేదు. మోకాళ్లు పట్టేశాయి, చీమ కుట్టింది, అయినా లేవలేదు. మధ్యాహ్నం దాకా అలాగే ఉండమన్నా ఉండేవాణ్ణి. చివరికి ఓడ కూసింది, పొడుగ్గా, కొండకు తగిలి తిరిగొచ్చేలా. నాకు ఏడుపొచ్చింది. అవి దొంగ కన్నీళ్లు కావు. ఓడ వెళుతుందని తెలిసి కూడా, అది కూయగానే దేవుడు నాతోనే మాట్లాడాడని నిజంగా అనిపించింది. మనిషి తనకు తాను ఇంత బాగా నమ్మకం కలిగించుకోగలడని ఆ రోజు నాకు తెలియదు.

ఆరాధనలో నిలబడి చెప్పాను. నా గొంతు ఎప్పటిలాగే బాగా పలికింది. అందరూ స్తోత్రం అన్నారు. అయ్యగారు నా తల మీద చెయ్యి పెట్టి ప్రార్థించారు. ఆడవాళ్ల వైపు చాప మీద కూర్చున్న అమ్మ అందరితోపాటు ఆమేన్ అంది.

ఇంటికొచ్చాక నాకు అన్నం పెట్టింది. నాన్న ఇంకా రాలేదు. చారు పోస్తూ, నా వైపు చూడకుండానే అంది:

"పొద్దున్న మీ నాన్న క్యారేజీ కట్టింది నానే కదరా."

నా చెయ్యి కంచంలోనే ఆగిపోయింది. ఆమె ఇంకో గరిటె చారు పోసి, "తిను. సల్లారిపోతాది" అంది. అంతే. ఆ రోజూ, ఆ తర్వాత ఏ రోజూ ఆమె ఆ సంగతి మళ్లీ ఎత్తలేదు. సంఘంలో ఎవరితోనూ అనలేదు.

కానీ ఉపవాసం మానలేదు. నాకు గుర్తు వచ్చిందని ఊరంతా సంతోషిస్తుంటే, అమ్మ మాత్రం పగలంతా మంచినీళ్లతో గడిపేది. నాన్నకు వింతగా ఉంది.

"ఏటే, ఆడికి గుర్తు వొచ్చీసింది గదా, నువ్వింకా తిండి మానీసి కూకున్నావేటి?" అన్నాడు.

"ఆడికి వొచ్చింది. నాకు రాలేదు" అంది అమ్మ.

నాకు అన్నం సయించేది కాదు. ఆమె నన్ను అయ్యగారి దగ్గరికి లాక్కెళ్లి నిజం చెప్పిస్తుందని ఎదురుచూశాను. నేను ఉద్యోగంలో చేరాల్సిన రోజు దగ్గర పడుతుండగా నిజంగానే ఒక సాయంత్రం, "పద, అయ్యగారింటికి ఎల్దాం" అంది. దారి పొడుగునా ఏం చెప్పాలో కూడగట్టుకున్నాను. తప్పు ఒప్పేసుకుని, ఆమె ఇచ్చిన మాట ప్రకారం బైబిలు పాఠశాలకే పోదామని కూడా నిశ్చయించుకున్నాను. ఉక్కు ఫ్యాక్టరీ ఇక లేనట్టే అనుకున్నాను.

అయ్యగారు వరండాలో కుర్చీలు వేశారు. అమ్మ కూర్చోలేదు. స్తంభం పక్కన నిలబడింది.

"అయ్యగారూ, ఈడు పుట్టకముందు దేవుడికి ఈడిని ఇచ్చీసినాను. అది తప్పండి. ఈడి బతుకు ఈడిది, నాది కాదు. నాది కానిది నాను ఎలగ ఇచ్చినాను?" అంది. "నాది నాకుంది గదండి. అదిత్తాను. సేవకి నాను వొత్తాను."

ఇళ్లకు వెళ్లి వాక్యం చెప్పి, ఆడవాళ్లతో ప్రార్థన చేసే పనికి సంఘాల్లో ఆడవాళ్లుంటారు. బైబిలు స్త్రీలంటారు. కానీ ఆ పనికి చదవడం రావాలి. ఆ మాటే అయ్యగారు నెమ్మదిగా చెప్పారు. "ఈ వయసులో అక్షరాలు కష్టమమ్మా" అన్నారు.

"నేర్సుకుంతాను" అంది అమ్మ.

దేవుడు ఏదైనా గుర్తు చూపించాడా అని అయ్యగారు అడిగారు. అడగడంలో తప్పు లేదు, కిందటి ఆదివారం నా గుర్తు విన్న మనిషి కదా. నేను నేల వైపు చూశాను.

"నాను గుర్తు అడగలేదండి. ఏటి సెయ్యమంతావు అని అడిగినాను. ఆయన ఏటీ సెప్పలేదు. రోజూ అడిగినాను. అడగ్గా అడగ్గా, ఇంకొకల్ని ఇవ్వడం మానీసి నువ్వు రా అన్నట్టు నాకే అనిపించింది. అది ఆయన మాటో నా మాటో తెల్దు. ఎల్తే తెలుత్తాది."

నేను చెప్పడానికి కూడగట్టుకున్న మాటలన్నీ నోట్లోనే ఉండిపోయాయి. అప్పుడే చెప్పి ఉండాల్సింది. తిరిగొస్తుంటే ఆమె నా చెయ్యి పట్టుకుని, ఫ్యాక్టరీకి ఎల్లు, మంచిగా పని నేర్సుకో అంది. నా మనసు తేలికైపోయింది. ఆ తేలికలో, ఆమె నన్ను విడిచిపెట్టడానికి తనను తాను అప్పగించుకుందన్న సంగతి కూడా నాకు ఆ రోజు పూర్తిగా తెలియలేదు.

అయ్యగారి భార్య ఆమెకు అక్షరాలు నేర్పింది. మధ్యాహ్నాలు పని ముగించుకుని అమ్మ పలకతో వెళ్లేది. ఇంటికొచ్చాక బియ్యం చేటలో వేలితో గుణింతాలు దిద్దేది. నాన్న తన టగ్గు మీద ఉన్న పేరును గుడ్డ మీద బొగ్గుతో రాసి తెచ్చి చదవమనేవాడు. ఆమె కూడబలుక్కుని చదివితే, "ఈ బోటు మీద ఇన్నేల్లు పన్జేత్తన్నాను, పేరేటో ఇయ్యేళ తెలిసింది" అని వేళాకోళం ఆడేవాడు. అతనికి చదవడం వచ్చు. అది ఆమెను నవ్వించడానికి.

మరుసటేడు క్రిస్మసు ఆరాధనలో అయ్యగారు ఆమె చేత వాక్యం చదివించారు. చూపుడు వేలు వరస కింద పెట్టి, ఒక్కో మాట దగ్గర ఆగి, ఊపిరి తీసుకుని చదివింది. సంఘమంతా కదలకుండా విన్నారు. నేను ఫ్యాక్టరీ నుంచి సెలవు పెట్టి వచ్చి వెనక నిలబడ్డాను. అంతకు ముందు నెలలోనే నా వెల్డింగు అతుకును తనిఖీ చేసిన ఇంజినీరు మెచ్చుకున్నాడు. ఆ గర్వం ఒకటి, ఇది ఒకటి. దీని ముందు అది ఆనలేదు. బయటికొచ్చాక నాన్న అన్నాడు: "అంత నిమ్మళంగా సదివితే దేవుడికి కూడా బాగా అర్తమయ్యుంతాది."

బైబిలు స్త్రీగా ఆమెకు జాలరిపేట ఇచ్చారు. అక్కడ చాలామంది మా మతం వాళ్లు కారు. తెల్ల చీర కట్టుకుని, చంకలో బైబిలు పెట్టుకుని, పడవలు వచ్చి బేరాలు ముగిసే వేళకు వెళ్లేది. చేపల బుట్టల మధ్య పీట వేసుకుని కూర్చునేది. మొదట్లో వాళ్లు ఆటపట్టించేవారు. "ఏటప్పా, నువ్వు ఒక లైను సదివీసరికి నా కూర ఉడికిపోతంది" అని ఒకామె అంటే, "అయితే గిన్నె దించీసి రా, రెండో లైను సదువుతాను" అనేది అమ్మ. కొన్నాళ్లకు ఆమె పేరు బైబిలమ్మ అయింది. జ్వరం వస్తే ఆసుపత్రికి తోడు ఆమే వెళ్లేది. బడి మానేసిన ఆడపిల్లలకు తనకొచ్చిన అక్షరాలే ఇసకలో దిద్దించేది. ఆ పేటవాళ్లలో ఎందరు సంఘంలో చేరారంటే పెద్దగా లేరు. ఆ విషయం పెద్దలు అడిగినప్పుడు, నన్ను రమ్మన్నాడు, లెక్కెట్టమన్లేదు అనేసింది.

ఒకసారి గాలివాన రోజుల్లో ఒక పడవ తిరిగి రాలేదు. అందులో వెళ్లినవాడి భార్యకు నెలలు నిండుతున్నాయి. నేను అమ్మను తీసుకొద్దామని సైకిలు మీద వెళ్లాను. ఆడవాళ్లంతా ఒడ్డున తడి ఇసకలో కూర్చుని ఉన్నారు. ఆ అమ్మాయి మా అమ్మ చెయ్యి పట్టుకుని, "బైబిలమ్మా, మీ దేవుణ్ణి అడుగు. ఆడు వొత్తాడో రాడో ఏదో ఒక గుర్తు సూపించమను" అంది.

ఓదార్పు కోసమైనా, వస్తాడమ్మా, దేవుడు నాతో చెప్పాడు అనడానికి అక్కడ ఎవరికైనా నోరు వస్తుంది. నా నోటికైతే తప్పకుండా వచ్చేది.

"నాకు తెల్దమ్మా" అంది అమ్మ. "తెలిసినట్టు సెప్పలేను. నీతో కూకుంతాను."

కూర్చుంది. నన్ను ఇంటికి పొమ్మంది. మర్నాడు మధ్యాహ్నం ఆ పడవను ఇంకో పడవ కట్టి లాక్కొచ్చింది, మనుషులు బతికే ఉన్నారు. అప్పటిదాకా ఆమె అక్కడే ఉంది. ఆ వారం ప్రార్థన కూడికలో ఇది గొప్ప సాక్ష్యమని, లేచి చెప్పమని అందరూ అడిగితే, "నాను సెప్పినానేటి, ఆడు రావడానికి? ఆడు వొచ్చినాడు, దేవుడికి స్తోత్రం" అని కూర్చుంది.

సాక్ష్యానికి నన్నే లేపేవారు. ఓడ కూత కథ వినడానికి బాగుంటుంది కదా. ఆమె చాప మీద కూర్చుని వింటుండగానే ఎన్నోసార్లు చెప్పాను. ఒకసారి చెబుతూ చెబుతూ ఆమె వైపు చూశాను. ఎవరి బిడ్డనో ఒళ్లో వేసుకుని జోకొడుతోంది, తల ఎత్తలేదు. నేను కథను ఇంకాస్త గట్టిగా చెప్పి ముగించాను. ఆ కథలో ఓడ ఉంది, కిటికీ ఉంది, నా మోకాళ్లున్నాయి. క్యారేజీ లేదు. జాలరిపేట లేదు. సిగ్గుపడుతున్నాను.

ఉక్కు పని చేసినందుకు నాకు విచారం లేదు. ఆ పని నాకు దేవుడిచ్చిందేనని ఇప్పటికీ నమ్ముతాను. ఆ కొలిమి గోడల్లో నేను వేసిన అతుకులు ఇంకా పట్టి ఉన్నాయి. నా ఇష్టాన్ని నా ఇష్టమని చెప్పే ధైర్యం లేక దాన్ని దేవుడి నోట పెట్టడమే నేను చేసిన తప్పు. అమ్మ ఏనాడూ ఆ పని చేయలేదు. నడిపింపు కోసం ప్రార్థించడం అంటే ఏమిటో నేను బోధించాను, ఆమె చేసింది. ఆ అచ్యుతాపురం అమ్మాయికి నేను చెప్పవలసింది మా అమ్మ గురించే. నీకేం కావాలో ముందు దాచకుండా దేవుడితో చెప్పు, తర్వాత అడుగు, ఆయన ఏమీ చెప్పకపోతే చెప్పలేదనే ఒప్పుకో, అయినా బయల్దేరు. ఈ వారం ఆ అమ్మాయిని కలిసి ఇదే చెప్పి వచ్చాను.

అమ్మకు ఇప్పుడు చూపు సరిగా ఆనదు. మా దగ్గరే ఉంటుంది. బైబిలు నేను చదివి వినిపిస్తాను. తొందరగా చదివితే, ఎవరో తరుముతున్నట్టు ఆ సదువేటి అంటుంది. వచ్చే ఆదివారం సంఘం ముందు జరిగినదంతా ఉన్నది ఉన్నట్టు చెబుతానని, దాన్ని రాసి కూడా పెడుతున్నానని నిన్న ఆమెతో అన్నాను. ఆ రోజు ఓడ వెళుతుందని నాకు ముందే తెలుసని, మొదటిసారి, నా నోటితో చెప్పాను.

"తెలుసులే" అంది. తర్వాత నా చేతిని తడిమి పట్టుకుని అంది:

"సెప్పు గానీ, ఆ ఓడని తీసిపారీకు. అది కూసింది కాబట్టే గదరా నాను బయల్దేరినాను."